గౌను అంచున మొదటి పేరు

"ఎవరు చేశారీ పని?" అంది మారెన్ అక్క, గౌను అంచు రెండు చేతులతో పట్టుకుని.

బాప్తిస్మపు గౌను ఇస్త్రీ బల్ల మీద పొడుగ్గా పరిచి ఉంది. మా ఇంట్లో ఆ గౌను తొడుక్కుని బాప్తిస్మం పొందిన ఇరవై ముగ్గురి పేర్లూ దాని లోపలి అంచున వరసగా కుట్టి ఉండాలి. ఇప్పుడు ఇరవై రెండే ఉన్నాయి. అన్నిటికంటే ముందుది, ఎర్రదారంతో కుట్టిన 'కిర్స్టీన్, 1843' అన్న పేరు, లేదు. ఆ మేరకు గుడ్డ నలిగిపోయి ఉంది.

"నిన్న సాయంత్రం బీరువాలోంచి తీసినప్పుడు ఉంది. నా కళ్ళతో చూశాను," అంది అక్క. "రాత్రికి రాత్రి దారం దానంతటదే ఊడిపోదు కదా."

వంటింట్లో ఉన్నది నలుగురం. అక్క, ఆవిడ కొడుకు ఎస్బెన్, కోడలు సోల్వై, నేను. ఐదో మనిషి ఎస్బెన్ కూతురు. దానికి మూడు నెలలు. తల్లి భుజం మీద తల ఆనించి నిద్రపోతోంది. ఎల్లుండి ఆదివారం దానికే బాప్తిస్మం. జ్ఞానతల్లిగా దాన్ని ఎత్తుకుని నిలబడాల్సిన దాన్ని నేను.

అక్క చూపు తిన్నగా సోల్వై మీద ఆగింది.

"నన్నెందుకు చూస్తారు అత్తయ్యా?"

"పోయిన ఆదివారం భోజనాల దగ్గర, ఆ పేరు చూస్తే రోత పుడుతోందన్నది నువ్వే కదమ్మా."

"పేరు చూసి కాదు. అది పెట్టిన తీరు విని అన్నాను."

ఆ తీరు ఈ ఇంట్లో బయటపెట్టింది నేనే. 1843లో ఈ ఊళ్ళో ఒక సాలెవాళ్ళ కుటుంబం ఉండేది. బిడ్డ పెరిగి పెద్దదై తనంతట తాను కోరుకున్నాకే బాప్తిస్మం ఇవ్వాలన్నది వాళ్ళ నమ్మకం. పుట్టిన ప్రతి బిడ్డకూ చర్చిలో బాప్తిస్మం జరిగి తీరాలన్నది అప్పటి ప్రభుత్వం హుకుం. మా ముత్తాత తండ్రి నీల్స్ అప్పుడు ఈ ఊరి మునసబు. ఇద్దరు మనుషుల్ని వెంటపెట్టుకుని వెళ్ళి, ఆరు వారాల పిల్లని ఉయ్యాలలోంచి ఎత్తుకొచ్చాడు. తల్లిదండ్రులు పేరు చెప్పడానికి ఒప్పుకోలేదు. దాంతో మునసబు భార్య తన పేరే పెట్టేసింది, కిర్స్టీన్ అని. పిల్లని ఒళ్ళో పెట్టుకుని, ఫాదిరీ అడిగిన విశ్వాసపు ప్రశ్నలకి దాని తరఫున మూడుసార్లు 'అవును' అన్నది కూడా ఆవిడే. ఆ పూట కోసం ఆదరాబాదరా కుట్టించిందే ఈ గౌను. పిల్లని తిరిగి ఇచ్చేశారు. గౌను మా ఇంట్లో ఉండిపోయింది.

అప్పటి ఫాదిరీ రిజిస్టరులో ఆ పేరు పక్కన సన్నటి అక్షరాలతో ఒక ముక్క రాసుకున్నాడు. అదీ చెప్పాను పోయిన ఆదివారం. "శిశువు తల్లి వెలుపల తలుపు వద్ద నిలిచి రెబెక్కా, రెబెక్కా యని కేకలు వేయుచుండుటచే, పేరు అడిగిన ప్రశ్నను రెండుమార్లు అడుగవలసి వచ్చెను."

ఆయన బాధల్లా ఆ గోల గురించే. తలుపు అవతల ఒక తల్లి గొంతు చించుకుంటుంటే, పని రెండుసార్లు చెయ్యాల్సి వచ్చిందని రాసుకున్నాడు.

"నేను ముట్టుకోలేదు," అంది సోల్వై. "నాకు ఆ పేరు ఉండాలి అత్తయ్యా. అందరికీ కనబడేలా ఉండాలి. నేనెందుకు విప్పుతాను?"

"ఏమో. మీ కోపెన్‌హాగన్ వాళ్ళ పద్ధతులు మాకేం తెలుసు? మీ ఇంట్లో చర్చి గుమ్మం తొక్కిన వాళ్ళే లేరాయె. నిరుడేగా నువ్వు బాప్తిస్మం తీసుకున్నది. అప్పుడే మాకు పాఠాలు."

"అమ్మా," అన్నాడు ఎస్బెన్.

"ఏం, అబద్ధమా?"

"అబద్ధమని కాదు. కాఫీ చల్లారిపోతోంది. ముందు తాగుదాం."

మా ఎస్బెన్ అంతే. ఇల్లు అంటుకున్నా ముందు కాఫీ తాగుదామంటాడు. వాడి తండ్రీ ఇలాగే ఉండేవాడు.

అందరం బల్ల చుట్టూ కూర్చున్నాం. ఆదివారానికని తెచ్చిన కాగితపు జెండాలు ఒక పక్క, అక్క రాసిన పాట కాపీలు ఒక పక్క ఉన్నాయి. మా వైపు ఏ వేడుకైనా ఇంట్లోవాళ్ళే ఒక పాట కట్టి అచ్చేయించి పంచుతారు, భోజనాల మధ్య అందరూ కలిసి పాడతారు. అరవై కాపీలు, ఒక్కోదానికీ గులాబీరంగు రిబ్బను. మూడో చరణం నా కళ్ళ ముందే ఉంది.

'ప్రేమతో కిర్స్టీన్ కుట్టిన గౌను, తరతరాలకూ దీవెన తాను.'

ప్రాస కుదిరిందని మొన్న ఫోనులో రెండుసార్లు చదివి వినిపించింది అక్క. ఇప్పుడు ఆ కాగితాన్ని బోర్లా తిప్పి పెట్టాను.

అక్క ఫ్లాస్కు అందుకోవడానికి చెయ్యి చాపింది. నల్ల ఉన్ని కోటు మోచేతి దగ్గర ఒక ఎర్రటి పోగు అంటుకుని ఉంది. వెలిసిపోయిన ఎరుపు. ఆ ఎరుపు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

చూశాను. చూసి ఊరుకున్నాను.

నా గురించి చెప్పాలంటే అదీ. అక్క ఆ పిల్లని ఇంకో పావుగంట దులిపేసింది. పాత వస్తువుల విలువ తెలియదంది. పెద్దవాళ్ళ జ్ఞాపకాలంటే లెక్క లేదంది. సోల్వై పాప వీపు నిమురుతూ కూర్చుంది. నేను కప్పులో చెంచా తిప్పుతూ కూర్చున్నాను. అసలు చక్కెరే వెయ్యలేదు ఆ కప్పులో.

"గౌను పాడుచేసింది కాక, మొండిగా కాదంటోంది," అంది అక్క చివరికి.

"నీ మోచేతికి దారం అంటుకుంది అక్కా," అన్నాను.

అక్క చూసుకుంది. పోగు తీసింది. ఎక్కడ పడెయ్యాలో తెలియక వేళ్ళ మధ్యే పట్టుకుంది.

ఎస్బెన్ బయటికి, లిమ్‌ఫ్యోర్డ్ సముద్రపు పాయ వైపు చూస్తూ ఉండిపోయాడు.

"అవును, నేనే విప్పాను," అంది అక్క. గొంతులో తడబాటు కూడా లేదు. "మీ కోసమే విప్పాను. ఆ పేరుతోనే కదా మీకు బాధ. పేరు లేకపోతే గొడవా లేదు. శుభ్రమైన గౌను, శుభ్రంగా ఆదివారం గడుస్తుంది."

"మరి ఇంతసేపూ నన్ను తిట్టారు," అంది సోల్వై.

"నువ్వు విప్పావనుకుంటే నీతోనే పోయేది. ఎవరూ ఇంకేం అడిగేవాళ్ళు కాదు."

సొంత అక్క. చిన్నప్పుడు నా జడ వేసింది, అమ్మ పోయినప్పుడు నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆ క్షణాన ఆవిడ పక్కన కూర్చోవడానికే నాకు అసహ్యం వేసింది. కుర్చీ కొంచెం జరుపుకున్నాను.

"ఆ పాప ఈ గౌనులో ఉందనడానికి గుర్తు అదొక్కటే అత్తయ్యా," అంది సోల్వై. "ఒకసారి అమ్మ దగ్గర్నుంచి లాక్కొచ్చారు. ఇప్పుడు ఇక్కణ్ణుంచి కూడా తీసేశారు."

"నేను లాక్కొచ్చానా? నూట ఎనభై ఏళ్ళ కిందటి మాట. నాకేం సంబంధం? నా విశ్వాసం ఇక్కడుంది," అక్క గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "దేవుడికీ నాకూ మధ్య. పాత రిజిస్టర్లలో లేదు. చరిత్ర కావలసిన వాళ్ళు మ్యూజియానికి వెళ్ళొచ్చు."

"మీరు ప్రతి ఆదివారం లేచి నిలబడి విశ్వాస ప్రమాణం చెబుతారు కదా. అందులో ఒక గవర్నరు పేరు ఎందుకుంది?"

"ఏ గవర్నరు?"

"పొంతి పిలాతు."

అక్క ఆ ఎర్రపోగుని వేలికి చుట్టుకుంది.

"నాకు ఇరవై తొమ్మిదేళ్ళు వచ్చేదాకా ఇవేవీ తెలియవు," అంది సోల్వై. "మొదటిసారి విన్నప్పుడు నన్ను పట్టుకున్నది ఆ పేరే. దేవుడి గురించి చెబుతూ చెబుతూ మధ్యలో, యేసుకి సిలువ శిక్ష వేసిన ఒక సర్కారు ఉద్యోగి పేరు. ఎందుకా అని ఆలోచించాను. ఇది ఎవరి గుండెలోనో పుట్టిన ఊహ కాదు, ఫలానా వాడి హయాంలో, ఫలానా ఊళ్ళో జరిగింది అని చెప్పడానికి. దానివల్లే నమ్మాను నేను. జరిగింది కాబట్టి. మరి జరిగిందాన్ని నమ్మే మనం, మన చర్చిలో మనం చేసిందాన్ని విప్పి పారేస్తే, ఇక నేను దేన్ని నమ్మాలి? మునసబు నీల్స్ పేరు మరిచిపోవచ్చంటే పిలాతు పేరెందుకు గుర్తుపెట్టుకోవడం?"

పాప కదిలింది. సోల్వై గొంతు తగ్గించింది. "నాకు కోపం మునసబు మీద కాదు అత్తయ్యా. ఆ పాట మీద."

అక్క ముఖం ఎర్రబడింది. పాట అంటే ఆవిడకి ప్రాణం. నా వైపు తిరిగింది.

"పాట మీదా? అయితే మీ పిన్నినీ అడుగు. నేనేం సొంతంగా కల్పించానా? చర్చి ఎనిమిది వందల ఏళ్ళ పండగకి కరపత్రం వేశారే, పదిహేనేళ్ళ కిందట, అందులో ఉంది. 'మునసబు భార్య కిర్స్టీన్ ప్రేమతో కుట్టిన గౌను' అని. అది రాసింది ఎవరు, తూరా? నువ్వే కదూ? అప్పటికే రిజిస్టరు చదివి నాకు వచ్చి చెప్పిందీ నువ్వే. ఇలాంటివి కరపత్రంలో బాగుండవు అక్కా అన్నదీ నువ్వే."

అన్నాను. నిజమే. చర్చి కార్యాలయంలో ముప్ఫై ఏళ్ళుగా గుమస్తాని నేను. పుట్టుకలు, బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, చావులు రాయడమే నా పని. 'ప్రేమతో' అన్న మాట నా చేత్తో టైపు చేశాను. పండగపూట పదిమంది మెచ్చుకున్నారు కూడా.

"మీకు పదిహేనేళ్ళుగా తెలుసా పిన్నీ?" అంది సోల్వై.

"తెలుసు."

"మొన్న నాకు చెప్పినప్పుడు, ఈమధ్యే చూశానన్నారు."

"అన్నాను."

ఆ పిల్ల నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. లేచి, ఇస్త్రీ బల్ల మీది గౌను మడిచి చంకలో పెట్టుకుని, పాపతో పైకి వెళ్ళిపోయింది. అక్క కాఫీ పోసుకుంది. సగం సాసరులో ఒలికింది.

శనివారం మధ్యాహ్నం చర్చి కార్యాలయంలో ఒక్కదాన్నే కూర్చుని ఉన్నాను. పాత రిజిస్టరు నకలు ముందు పెట్టుకుని ఆ పక్కరాతని కాగితం మీద ఎత్తి రాశాను. ఎందుకు రాస్తున్నానో నాకే తెలియదు. చెయ్యి అలవాటు కొద్దీ రాసింది.

సోల్వై తలుపు తోసుకుని వచ్చింది. పాప బండి బయట కిటికీ కిందే ఆపింది, కనబడేలా. నిద్రపోయే బిడ్డని బండితో బయటే ఉంచడం మా దేశంలో మామూలే.

"ఇటు రండి," అంది.

సంచిలోంచి గౌను తీసి కిటికీ అద్దానికి ఆనించి పట్టుకుంది. వెలుతురు గుడ్డలోంచి వచ్చింది. దారం పోయింది కానీ సూది గుచ్చిన చోటల్లా సన్నటి బెజ్జాలు ఉన్నాయి. వాటి వెంట చదవొచ్చు. కిర్స్టీన్, 1843. దారం ఉన్నప్పటి కంటే స్పష్టంగా ఉంది.

నేను వేలితో ఆ బెజ్జాలు తడిమాను.

"రేపు ఈ గౌనే వేస్తాను," అంది సోల్వై. "ఈ బెజ్జాలతోనే వేస్తాను. ఆ పాపని తాకిన గుడ్డ ఇది. పారేస్తే అత్తయ్య చేసిందే నేనూ చేసినట్టు."

"బాప్తిస్మం మానుకుంటావేమో అనుకున్నాను."

"మానుకుందామనే అనుకున్నాను. రాత్రంతా అదే ఆలోచన." బండి వైపు చూసింది. "నేను మాత్రం దాన్ని అడిగి చేస్తున్నానా? దానికి మూడు నెలలు. దాని తరఫున మీరు అవునంటారు. మునసబు భార్య కంటే నేను ఎందులో నయం?"

"నువ్వు తల్లివి."

"అదొక్కటే తేడా. అప్పుడు తల్లి తలుపు బయట ఉంది. రేపు లోపల ఉంటుంది. ఆ తేడా అక్కడున్న వాళ్ళందరికీ తెలియాలి. తెలియకపోతే నా అవునూ మీ పాటా ఒకటే పిన్నీ. రిబ్బను కట్టి పంచుకునేది."

తర్వాత నా ముందున్న కాగితం చూసింది.

"పాస్టర్ పేరు అడిగినప్పుడు మీరు చెప్పాలి. పాప పేరు రెబెక్కా. ఎస్బెన్‌కి చెప్పాను, సరేనన్నాడు. పేరు చెప్పి, ఆ పేరు ఎక్కడిదో కూడా చెప్పాలి. ఈ కాగితం చదివితే చాలు."

"మీ అత్తయ్య కిర్స్టీన్ అని పెడతారనుకుంటోంది. పాటలో కూడా..."

"తెలుసు."

"నేను చెప్పలేకపోతే?"

"పాపని మీ చేతుల్లోంచి తీసుకుని ఇంటికి వెళ్ళిపోతాను. ఇంక తీసుకురాను. ఎప్పుడో అదే పెద్దదై, తనకి కావాలనుకుంటే, తనే వస్తుంది. ఆ సాలెవాళ్ళు అన్నది కూడా అదే కదా." గౌను మడిచి సంచిలో పెట్టింది. "వేరే ఎవరినైనా అడగొచ్చు. కానీ మీరే చెప్పాలి. దాచింది మీరు కాబట్టి."

పాస్టర్‌కి నేనే ఫోను చేసి మొత్తం చెప్పాను. ఆయన చదవమనే అన్నాడు. మారెన్‌కి ముందే తెలియజేయడం మీ ధర్మం అని కూడా అన్నాడు. ఆవిడ సంఘపు కమిటీ అధ్యక్షురాలు మరి.

ఆదివారం ఉదయం చర్చి వాకిట్లో అక్కకి చెప్పాను. మంచి నీలం దుస్తులు వేసుకుంది. చేతిలో పాటల కట్ట ఉంది. విన్నంతసేపూ నా ముఖంలోకి కాకుండా నా కోటు గుండీల వైపు చూసింది.

"అరవై మంది ముందు నాన్నవాళ్ళ ఇంటి పరువు తీస్తావన్నమాట," అంది.

"ఆ ఇంటి పిల్లకే బాప్తిస్మం అక్కా."

"నాకు డెబ్బై రెండేళ్ళు. ఇంక ఎన్ని ఆదివారాలు ఉన్నాయో తెలియదు. ఆ కాగితం జేబులోంచి తీశావంటే నాకు చెల్లెలు లేదు. నేను లేచి వెళ్ళిపోతాను. మళ్ళీ నా గుమ్మంలోకి రాకు."

అక్క ఊరికే బెదిరించే మనిషి కాదు. మా పెదనాన్న కూతురితో ఒక చెట్టు కొట్టేసిన విషయంలో మాట మానేసింది, ఇరవై ఆరేళ్ళయింది. ఆ అమ్మాయి చనిపోతే సమాధి దగ్గరికి కూడా రాలేదు.

లోపల అందరూ కూర్చున్నారు. కప్పుకి వేలాడదీసిన చెక్క ఓడ బొమ్మ ఎప్పటిలాగే గాలికి కొంచెం కదులుతోంది. పాప నా చేతుల్లో ఉంది. గౌను నా మోకాళ్ళ కిందికి జారింది. ఆ అంచు నా పిక్కలకి తగులుతోంది, అందులోని ఇరవై రెండు పేర్లలో నాదీ, అక్కదీ ఉన్నాయి. సోల్వై నాకు కుడి పక్కన, మోచెయ్యి తగిలేంత దగ్గరగా నిలబడింది. అవతల ఎస్బెన్ నిలబడ్డాడు. పాస్టర్ రాతి తొట్టిలో నీళ్ళు పోశాడు.

మొదటి వరసలో అక్క నిటారుగా కూర్చుని ఉంది.

"శిశువు పేరేమిటి?" అన్నాడు పాస్టర్.

నా నోరు పెగల్లేదు.

అక్క లేచింది. బల్లల మధ్య దారిలో నడిచి వెళ్ళింది. ఆవిడ చెప్పుల చప్పుడు తప్ప ఇంకేం లేదు. వెనక తలుపు దాకా వెళ్ళి, గడియ మీద చెయ్యి వేసి, ఇటు తిరిగి నిలబడింది. అంత దూరం నుంచి కూడా నన్నే చూస్తోందని తెలుస్తోంది. చిన్నప్పుడు బడికి ఆలస్యమైతే గేటు దగ్గర అలాగే నిలబడేది నా కోసం.

సోల్వై చేతులు చాచలేదు. కానీ చాచడానికి సిద్ధంగా ఉన్నాయి. వేళ్ళు విచ్చుకుని ఉన్నాయి.

నాకు అందరి మీదా రోత వేసింది. గోల అని రాసుకున్న ఆ ఫాదిరీ మీద, రిబ్బన్ల మీద, టైపు మిషను ముందు కూర్చున్న నా మీద. ముప్ఫై ఏళ్ళుగా ఈ తొట్టి పక్కనే ఎన్ని పేర్లు రాసుకున్నాను. ఒక్క పేరు నోటితో పలకడానికి గొంతు రావడం లేదు.

పాస్టర్ కాసేపు ఆగాడు. తర్వాత రెండోసారి అడిగాడు.

"శిశువు పేరేమిటి?"

"రెబెక్కా," అన్నాను.

వరసల్లో చిన్న కదలిక. పాపని ఎడమ చేతికి మార్చుకుని, జేబులోంచి కాగితం తీశాను. "ఈ పేరు ఇంతకుముందు ఒకసారి ఈ చర్చి తలుపు బయట వినిపించింది," అని మొదలుపెట్టాను. "లోపలున్న వాళ్ళు మా వాళ్ళే."

వెనక గడియ తీసిన చప్పుడైంది. చలిగాలి కాళ్ళని తాకింది. తొట్టి మీది కొవ్వొత్తి ఒకటి ఆరిపోయింది. పాప గౌను ఎగిరి సోల్వై చేతికి చుట్టుకుంది.

నేను తల ఎత్తలేదు. ఎత్తితే చదవలేనని తెలుసు. ఒక్కో మాటా చదువుకుంటూ వెళ్ళాను. తలుపు వద్ద నిలిచి. కేకలు వేయుచుండుటచే. రెండుమార్లు. చదవడం అయిపోయింది. గాలి ఇంకా వస్తూనే ఉంది.

అక్క చెప్పుల చప్పుడు గానీ, తలుపు మూసిన చప్పుడు గానీ వినిపించలేదు.